వీలైతే రా

మొన్న వేసవిలో మా పెద్దమ్మ సంవత్సరీకానికి పానగల్ వెళ్లాను. హైదరాబాదు నించి వనపర్తి దాకా బస్సు, అక్కణ్ణించి ఆటో. నా చిన్నప్పుడు ఎండాకాలం సెలవులంటే పానగలే. అప్పుడది మహబూబ్‌నగర్ జిల్లాలో వుండేది. 2016లో కొత్త జిల్లాలు వచ్చాక వనపర్తి జిల్లాలోకి వచ్చింది. జిల్లా మారింది గాని గుట్ట మాత్రం మారలేదు. ఆటో దిగగానే ఎదురుగా అదే గుట్ట, దాని మీద అదే కోట.

పెద్దమ్మ ఇంటి అరుగు మీద కూర్చుంటే కోటగోడ కనిపిస్తుంది. చిన్నప్పుడు ఆ అరుగు మీద కూర్చునే చింతపిక్కలు లెక్కపెట్టుకుంటూ ఆడేవాళ్లం. గుట్ట చుట్టూ గోడలు, గవినులు, నడుమ బాలాహిసారు – వీటి గురించి ఎవర్నడిగినా, "రాజులు కట్టిన్రు" అనేవాళ్లు. అంతకంటే ఎవరికీ పట్టేది కాదు. పెద్దయ్యాక, ఏదో నవల కోసమని పాత పుస్తకాలు తిరగేస్తుంటే, ఇంగ్లీషువాళ్ల కాలపు గెజిటీర్లో మా పానగల్ పేరు కనపడింది. ఆశగా చదివాను. యుద్ధాలూ, ముట్టడులూ సరే, చివర్లో ఒక చిన్న మాట వుంది. కోటలో 1604 నాటి శాసనం వుందట. కుతుబ్‌షాహీ పాదుషాగారి తల్లి ఈ కోటలో నివసించేదని అందులో వుందట.

అంతే. ఒక్క వాక్యం. ఆ వాక్యం నన్ను పట్టుకుని చాలా రోజులు వదల్లేదు. పాదుషాగారి తల్లి అంటే మాటలా! గోల్కొండలో మహళ్లుండగా, తోటలుండగా, ఈ ఎండల్లో, ఈ బండల మధ్య ఆవిడ వున్నారంటే ఎలా వుండి వుంటారు? సాయంత్రంపూట గవిని వైపు చూస్తూ కూర్చునేవారా? శాసనాలు అలాంటి సంగతులు చెప్పవు. ఎవరు కట్టించారో, ఎవరు కాపలా వున్నారో చెబుతాయి గాని, ఎవరు ఎవరి కోసం ఎదురుచూశారో చెప్పవు.

చరిత్రకి తల్లులంటే లెక్క లేదని నేననను. కాకపోతే రాజ్యాన్ని కాపాడిన తల్లయితేనే చరిత్ర ఆవిణ్ణి తలుచుకుంటుంది. అదే కుతుబ్‌షాహీ వంశంలో హయాత్ బక్షీ బేగం సంగతి చూడండి. భర్త పోయినప్పుడు, 1626లో, కొడుకు అబ్దుల్లా పన్నెండేళ్లవాడు. వాణ్ణి గద్దె మీద కూచోబెట్టి రాజ్యం నడిపించింది. 1656లో ఔరంగజేబు గోల్కొండని చుట్టుముడితే, ఆ వయసులో తనే కోట దాటి వెళ్లి అతనితో మాట్లాడి, కొడుకు గద్దె నిలబెట్టింది. నష్టపరిహారం కింద డబ్బూ పోయింది, మనవరాలిని ఔరంగజేబు కొడుక్కి ఇచ్చి చెయ్యాల్సీ వచ్చింది. అయినా కొడుకు పాదుషాగానే మిగిలాడు. హయాత్‌నగర్ ఆవిడ పేరు మీద వెలిసిందే. రోజూ మాసాబ్ ట్యాంక్ దగ్గర బస్సు దిగేవాళ్లలో ఎంతమందికి తెలుసంటారు, అది "మా సాహెబా" చెరువని, అమ్మగారి చెరువని?

సరే, గండం గట్టెక్కించిన తల్లికి చెరువు మిగిలింది. ఏ గండమూ లేని రోజుల్లో ఆ తల్లీ కొడుకూ ఏం మాట్లాడుకున్నారు? అసలు మాట్లాడుకున్నారా? అది ఎవరూ రాయలేదు. అలాంటి రోజుల్ని రాయడానికి నవలలూ, చూపించడానికి సినిమాలూ రావాల్సి వచ్చింది.

సినిమా అంటే గుర్తొచ్చింది. నేను చూసిన సినిమాలన్నిట్లోనూ నన్ను ఎక్కువ బాధపెట్టిన సినిమా ఆ పానగల్ ఇంట్లోనే చూశాను.

నాకప్పుడు పన్నెండేళ్లు. ఆ వీధి మొత్తానికి పెద్దమ్మ ఇంట్లోనే టీవీ వుండేది. బళ్లో పంతులుగా చేసిన పెద్దనాన్న పోయాక వచ్చిన డబ్బుతో అన్న కొనిచ్చి, తను బొంబాయి వెళ్లిపోయాడు. అన్న అంటే పెద్దమ్మ ఒక్కగానొక్క కొడుకు. తండ్రి పోయాక, వనపర్తిలోనో గద్వాలలోనో ఏదో ఒక ఉద్యోగం చూసుకుని దగ్గర్లో వుండమంది పెద్దమ్మ. వాడు ససేమిరా అన్నాడు. ఇద్దరి మధ్యా పెద్దగా మాటలేమీ పడలేదు. కేకలు లేవు, ఏడుపులు లేవు. వాడు పెట్టె సర్దుకున్నాడు, ఆవిడ సద్దిమూట కట్టిచ్చింది. అంతే. ఆ తర్వాత ఏడాదికి రెండుసార్లు వచ్చేవాడు, తర్వాత ఒకసారి. వచ్చిన మర్నాటి నించే పెద్దమ్మ వాడికి మరమరాలూ, సకినాలూ డబ్బాలకెత్తడం మొదలుపెట్టేది. అంటే పోయే రోజుకి సిద్ధం చేస్తోందన్నమాట.

ఆదివారం మధ్యాహ్నం దూరదర్శన్‌లో ప్రాంతీయ భాషా చిత్రాలు వేసేవారు, మీలో చాలామందికి గుర్తుండే వుంటుంది. కింద ఇంగ్లీషు అక్షరాలు పడేవి. అవి చదివేలోపు మాయమయ్యేవి. పిల్లలం మాకు అవంటే మహా విసుగు. ఆ రోజు బెంగాలీ సినిమా. పెద్దమ్మ చాటలో చింతపండు వేసుకుని గింజలు తీస్తోంది. పక్కింటావిడ కూడా వచ్చి కూచుంది. అందరికీ నిద్ర వచ్చే వేళ. కాని ఆ సినిమాలో ఆ తల్లి మొహం తెర మీదికి రాగానే పెద్దమ్మ చేతులు ఆగిపోయాయి.

ఆ సినిమా సత్యజిత్ రే తీసిన "అపరాజితో". విభూతిభూషణ్ బందోపాధ్యాయ నవలలు ఆధారం. "పథేర్ పాంచాలి"కి తరవాతి భాగం. 1956 అక్టోబరులో కలకత్తాలో విడుదలైంది. కథ చాలా చిన్నది. కాశీలో పురాణం చెప్పుకుని బతికే హరిహర్ చనిపోతాడు. భార్య సర్వజయ వంటపని చేసి కొడుకు అపూని పోషిస్తుంది. తరవాత ఒక పల్లెకి చేరతారు. అపూ పూజలు నేర్చుకుంటాడు గాని, బడికి పోతున్న పిల్లల్ని చూసి తనూ చదువుకుంటానంటాడు. తల్లి సరేనంటుంది. బాగా చదువుతాడు. స్కాలర్‌షిప్ వస్తుంది. కలకత్తా వెళ్తానంటాడు. అక్కడ మొదలవుతుంది అసలు కథ.

వెళ్లనివ్వనంటుంది తల్లి. మాటా మాటా పెరిగి వాడి చెంప మీద కొడుతుంది. కాసేపటికి తనే వెళ్లి బతిమాలుకుని, కూడబెట్టిన డబ్బు వాడి చేతిలో పెడుతుంది. వాడు ఎగిరి గంతేస్తాడు. వాడి సంతోషం చూస్తూ ఆవిడ నవ్వుతుంది చూశారూ, ఆ నవ్వు కరుణా బెనర్జీ తప్ప ఇంకెవరూ నవ్వలేరని నాకనిపిస్తుంది. కొడుకు గెలిచాడన్న సంతోషం, తను ఓడిపోయానన్న దిగులు రెండూ ఆ నవ్వులోనే వుంటాయి.

వాడు కలకత్తాలో పగలు కాలేజీ, రాత్రి అచ్చాపీసులో పని. సెలవులకి ఇంటికొస్తే నిద్ర, లేకపోతే పుస్తకం. ఒక రాత్రి తల్లి వాడి పక్కన కూచుని చెప్పుకుంటూ వుంటుంది. నువ్వు సంపాదిస్తే నన్ను తీసుకెళ్తావా, నాకేదన్నా జబ్బు చేస్తే నువ్వు చూస్తావా అని. జవాబు రాదు. తిరిగి చూస్తే వాడు నిద్రపోతున్నాడు. అంతే సన్నివేశం. వెనక ఏడుపు పాట లేదు, ఉరుము లేదు, మెరుపు లేదు. ఆ వయసులో నాకు అది సన్నివేశంలాగే అనిపించలేదు. ఇప్పుడు మావాడితో ఫోన్లో మాట్లాడుతూ మధ్యలో "వింటున్నావా?" అని అడిగిన ప్రతిసారీ అదే గుర్తొస్తుంది.

ఇంకోటి చెప్పాలి. ఒకసారి సెలవులై వెళ్లిపోతాడు. స్టేషనులో రైలు వస్తుంది. వాడు ఎక్కడు. వెనక్కి తిరిగి ఇంటికొచ్చి, రైలు తప్పిపోయిందమ్మా అంటాడు. ఒక్క రోజు. ఆ ఒక్క రోజు ఆ తల్లికి దక్కిన మొత్తం ఆస్తి. సినిమా అంతటికీ వాడు తల్లికి ఇచ్చిన అసలు బహుమానం ఒక అబద్ధమే. ఆ ఘట్టం దగ్గర పెద్దమ్మ "హమ్మయ్య" అంది, పైకే.

తరవాత తల్లికి జబ్బు చేస్తుంది. వాడి చదువు పాడవుతుందని కబురు పెట్టనివ్వదు. చెట్టు కింద కూచుని, దూరంగా పోయే రైళ్ల చప్పుడు వింటూ వుంటుంది. ఒక రాత్రి వాడి గొంతు వినపడినట్టయి లేచి వాకిట్లోకొస్తుంది. చీకట్లో మిణుగురు పురుగులు తప్ప ఎవరూ లేరు. వాడు వచ్చేసరికి అయిపోయింది. అక్కడే వుండి పౌరోహిత్యం చేసుకోమంటాడు తాతగారు. వాడు ఒప్పుకోడు. కర్మ కలకత్తాలో కాళీఘాట్‌లో చేస్తానని మూట భుజాన వేసుకుని వెళ్లిపోతాడు. సినిమా అయిపోయింది.

పక్కింటావిడకి ఒళ్లు మండిపోయింది. "ఏం కొడుకమ్మ! తల్లి సచ్చిపోతె గట్లనే పోయిండు. ఉండనన్న ఉండలె" అంది. పెద్దమ్మ చాట దగ్గరికి లాక్కుని మళ్లీ గింజలు తియ్యడం మొదలుపెట్టింది. కాసేపటికి అంది –

"పరీక్షలుంటయ్ గద, పిల్లగానికి."

పక్కింటావిడకొచ్చిన కోపం ఆవిడ ఒక్కదానిదే కాదని నాకు చాలా ఏళ్ల తరవాత తెలిసింది. "పథేర్ పాంచాలి"ని నెత్తిన పెట్టుకున్న బెంగాల్లోనే "అపరాజితో" సరిగ్గా ఆడలేదు. తల్లికీ కొడుక్కీ మధ్య అలాంటి ఎడం చూపించడం జనానికి రుచించలేదు. మూలనవలలో విభూతిభూషణ్ ఇంకా కటువైన మాట రాశారు. తల్లి పోయిందని తెలిసిన మొదటి క్షణంలో అపూకి ఏదో కట్టు తెగినట్టు, విడుదలైనట్టు అనిపిస్తుంది. ఆ తరవాతే దుఃఖం. అలాంటి మాట కాగితం మీద రాయడానికి ఎంత ధైర్యం కావాలో, కలం పట్టినదాన్ని గనక నాకు తెలుసు. బెంగాల్లో ఆడని ఆ బొమ్మే 1957లో వెనిస్‌లో అన్నిటికన్నా పెద్ద బహుమతి, బంగారు సింహం, గెలుచుకుంది.

1957 అన్నాను కదూ. ఆ ఏడాది మన దేశంలో తల్లీ కొడుకులకి ఏం గ్రహచారం పట్టిందో గాని, నెల రోజుల తేడాలో మరో రెండు సినిమాలు వచ్చాయి. అక్టోబరు 25న హిందీలో మెహబూబ్ ఖాన్ "మదర్ ఇండియా". నవంబరు 28న తెలుగులో కమలాకర కామేశ్వరరావుగారి "పాండురంగ మహత్యం".

"పాండురంగ మహత్యం" చూడని తెలుగు ఆడవాళ్లుంటారా? రామారావుగారు పుండరీకుడు. వేశ్య మోజులో పడి కన్నవాళ్లని నానా మాటలూ అని ఇంట్లోంచి వెళ్లగొడతాడు. చివరికి కాళ్లు పోగొట్టుకుని పాకుతూ వచ్చి వాళ్ల పాదాల మీద పడతాడు. అప్పుడు ఘంటసాల గొంతులో ఆ పాట వస్తుంది. హాల్లో కొంగులన్నీ తడిసిపోతాయి. తరవాత సాక్షాత్తూ దేవుడే వచ్చి వాకిట్లో నిలబడితే, అమ్మానాన్నల సేవలో వున్నాను, కాసేపు ఈ ఇటుక మీద నిలబడు స్వామీ అంటాడు. ఎంత హాయి! కొడుకు తప్పు చేశాడు, శిక్షపడింది, బుద్ధి వచ్చింది. దేవుడంతటివాడు అమ్మా నాన్నల తరవాతే అని తేలిపోయింది.

"మదర్ ఇండియా"లో నర్గీస్ ఒంటిచేత్తో నాగలి లాగి పిల్లల్ని పెంచిన తల్లి. చిన్నకొడుకు బీర్జూ బందిపోటై, వడ్డీ వ్యాపారి కూతుర్ని పెళ్లిపీటల మీంచి ఎత్తుకుపోతుంటే, ఊరి ఆడపిల్ల పరువు నా పరువంటూ తనే తుపాకీ పేల్చి కొడుకుని చంపుకుంటుంది. అక్కడా తప్పు కొడుకుదే. తీర్పు చెప్పింది తల్లి.

ఆ రెండు సినిమాలకీ జనం బ్రహ్మరథం పట్టారంటే ఆశ్చర్యమేముంది? తప్పెవరిదో తెలిసిపోతే మనసుకి తెరిపి. ఏడుస్తాం, కళ్లు తుడుచుకుంటాం, ఇంటికొచ్చి అన్నం తింటాం. "అపరాజితో" అలా వదలదు. కొడుకు వేశ్యా లోలుడు కాదు, బందిపోటు కాదు. బుద్ధిగా చదువుకుంటున్న కుర్రాడు. తల్లి గయ్యాళీ కాదు, మహాత్మురాలూ కాదు. కొడుకు దగ్గరుండాలని కోరుకున్న మామూలు మనిషి. తప్పెవరిదంటే ఏం చెబుతాం? పుండరీకుడికి శిక్ష వేసిన దేవుడు కూడా అపూ కేసు తీసుకోడేమో!

మనిళ్లలో జరిగేవి ఎక్కువగా అలాంటి కేసులే. కొడుకు కొట్టాడు, గెంటేశాడంటే ఊరంతా చేరుతుంది. కొడుకు ఫోన్ చెయ్యడం తగ్గించాడంటే ఎవరితో చెప్పుకుంటాం? చెబితే, "మావాడూ అంతేనండీ, బిజీ" అంటారు. అక్కడితో సరి.

మన తెలుగులో ఆ తరవాత కూడా కన్నవాళ్ల కష్టాల మీద చాలా సినిమాలు వచ్చాయి. 1972లో "బడిపంతులు". కన్నడంలో బి.ఆర్. పంతులుగారి "స్కూల్ మాస్టర్" దానికి మూలం. అమ్మ ఒక కొడుకు దగ్గర, నాన్న ఒక కొడుకు దగ్గర, వంతులేసుకుని పంచుకుంటారు. తమాషా చూడండి, "పాండురంగ మహత్యం"లో పుండరీకుడి భార్యగా వేసిన అంజలీదేవిగారే, పదిహేనేళ్ల తరవాత అదే రామారావుగారి పక్కన, కొడుకుల చేత పంచబడిన తల్లయ్యారు. 1991లో దాసరి నారాయణరావుగారు "అమ్మ రాజీనామా" అన్నారు. పేరు వినగానే మా అమ్మ, "చెయ్యనిస్తే గా!" అంది. శారదగారు వేసిన ఆ తల్లి కథ చూసి ఇళ్లల్లో ఆడవాళ్లు ఒక వారం పాటు తలెత్తుకు తిరిగారు. ఎనిమిదో రోజున మళ్లీ ఇడ్లీపిండి రుబ్బుకున్నారు, అది వేరే సంగతి.

ఈ సినిమాల్ని నేను తక్కువ చెయ్యడం లేదు. కాని వీటిలో చెప్పాల్సిన మాట ఎవరో ఒకరు చెబుతారు. కొడుకు తిడతాడు, తల్లి నిలదీస్తుంది, చివర్లో అందరూ ఏడుస్తారు. నాకు తెలిసిన తల్లీ కొడుకుల మధ్య జరిగేది దానికి సరిగ్గా తిరగేసి. చెప్పాల్సింది ఎవరూ చెప్పరు.

నోరు తెరిచి చెప్పకపోయినా కొడుక్కి అర్థమైన కథ ఒకటి మన తెలంగాణలోనే జరిగింది. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశంగారి తల్లి లక్ష్మమ్మగారు పోచంపల్లి చీరలకి ఆసు పోసేవారు. ఒక్క చీరకి చేతిని తొమ్మిదివేల సార్లు అటూ ఇటూ తిప్పాలి. రోజుకి రెండు చీరలంటే పద్ధెనిమిది వేల సార్లు! భుజం పడిపోయేది. పెద్ద చదువు చదవని ఆ కొడుకు అమ్మ భుజం నొప్పి చూడలేక, ఊళ్లోవాళ్లు పిచ్చివాడన్నా వినకుండా ఏళ్ల తరబడి తంటాలు పడి 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. దానికి తల్లి పేరే పెట్టుకున్నారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. 2019లో ఆ కథనే "మల్లేశం" అని సినిమా తీశారు. ప్రియదర్శి కొడుకు, ఝాన్సీ తల్లి. అరుపులు లేని సినిమా అది. చూస్తున్నంతసేపూ నేను ఆ కొడుకుని చూడలేదు, ఆ తల్లి చేతిని చూస్తూ కూచున్నాను. అందరి నొప్పీ అలా కంటికి కనిపించే చోట వుంటే ఎంత బాగుండును! సర్వజయ నొప్పి కనపడదు. ఆవిడే కనపడనివ్వదు.

ఇప్పుడు మళ్లీ పెద్దమ్మ దగ్గరికొస్తాను.

సెలవుల్లో నాకక్కడ ఒక ఉద్యోగం వుండేది. పెద్దమ్మ చెబుతుంటే బొంబాయిలో అన్నకి ఇన్‌లాండ్ లెటరు రాసిపెట్టడం. ఆవిడకి చదవడం వచ్చు గాని రాత కుదురుగా వుండేది కాదు. "ఇక్కడ మేమందరము క్షేమము" దగ్గర మొదలై, ఆవు ఈనడం, పక్కింటివాళ్ల పెళ్లి, చింతపండు ధర వరకూ నడిచేది. ఆ సినిమా చూసిన రెండు రోజులకి పెద్దమ్మకి జ్వరం. కళ్లు ఎర్రగా వున్నాయి. అయినా ఉత్తరం రాయించింది. నేను నా తెలివి కొద్దీ, "జ్వరమొచ్చిందని రాయనా పెద్దమ్మా?" అన్నాను. "వద్దు బిడ్డా, ఒద్దు. ఆడ వాని పని ఖరాబైతది" అంది. అంతా అయ్యాక, అంటించబోతుంటే ఆపి, "ఒక్కటి రాయి. వీలైతే రా అని రాయి" అంది. రాశాను. ఒక్క నిముషం ఆ అక్షరాలు చూసి, "వద్దులే, కొట్టెయ్" అంది. గీత పెట్టి కొట్టేశాను. ఒక గీత చాలదేమోనని రెండు గీతలు పెట్టాను కూడాను.

అన్న ఆ ఏడు దసరాకి రాలేదు. సంక్రాంతికి వచ్చాడు.

మొన్న సంవత్సరీకం రోజు భోజనాలయ్యాక అందరూ సర్దుకుంటుంటే అన్న నన్ను అరుగు మీదికి పిలిచాడు. ఇప్పుడు రిటైరయ్యాడు. జుట్టంతా నెరిసింది. పెద్దమ్మ ఆఖరి పదేళ్లూ వాడి దగ్గరే, బొంబాయిలోనే వుంది. బాగానే చూసుకున్నాడు. నలుగురూ అనేది కూడా అదే. సంచీలోంచి పాత ఇన్‌లాండ్ లెటర్ల కట్ట తీశాడు. అందులోంచి ఒకటి నా చేతికిచ్చాడు. నా అక్షరాలే. గుండ్రంగా, పెద్దగా, ఏడో తరగతి అక్షరాలు. అడుగున రెండు గీతలు.

"అప్పుడు దీన్ని దీపం దగ్గర పెట్టి చూసిన. లోపల ఏం రాసున్నదో కనపడ్డది" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. "మరి రాలేదేం?" అని అడిగాను చివరికి.

"ఆమెనే కొట్టేసింది గద అనుకున్న. వద్దనుకున్నదేమో అనుకున్న. నాకు గూడ అట్ల అనుకుంటేనే బాగుండె." కాసేపాగి, "రావల్సుండె" అన్నాడు.

ఎదురుగా కోట ఎండలో వుంది. ఇద్దరం అటే చూస్తూ కూచున్నాం.

ఇంటికొచ్చాక "అపరాజితో" మళ్లీ చూశాను. ఇప్పుడు చక్కని ప్రింటు దొరుకుతోంది. దానికీ ఒక కథ వుంది. అపూ కథ మూడు సినిమాల అసలు నెగెటివులూ 1993లో లండన్‌లో ఒక లాబొరేటరీ తగలబడినప్పుడు కాలిపోయాయి. పనికిరావని అనుకున్న ఆ రీళ్లని పారెయ్యకుండా అమెరికాలో దాచారు. ఇరవై ఏళ్ల తరవాత ఇటలీలో బొలోన్యా నగరంలో నిపుణులు వాటిని మళ్లీ మెత్తబరిచి, అంచులు అతికి, పనికొచ్చిన ప్రతి ముక్కనీ శుభ్రం చేశారు. ఆ నెగెటివుల్లో మిగలని చోట వేరే ప్రతుల్లోంచి తెచ్చి కలిపారు. 2015లో మళ్లీ తెర మీదికొచ్చాయి. కాలిపోయినదాన్ని కూడా ఓపిక వుంటే కొంత బాగు చెయ్యొచ్చన్నమాట. అంతా కాదు, కొంత.

పన్నెండేళ్లప్పుడు నేను అపూని తిట్టుకున్నాను. ఈసారి, చెప్పడానికి కొంచెం కష్టంగానే వుంది, నాకు సర్వజయ మీద కోపమొచ్చింది. ఎందుకమ్మా కబురు పెట్టలేదు? వాడికి పదిహేడేళ్లు. నువ్వు చెబితే గాని వాడికెలా తెలుస్తుంది? అన్నీ నీ కడుపులో దాచుకుని, వాడికి చదువూ ఇచ్చి, ఆ చదువుతో పాటు బతికినంతకాలం మొయ్యాల్సిన బరువు కూడా ఇచ్చావు కదా! ఆవిడ చేసింది త్యాగమే, కాదనను. కాని ఆ త్యాగానికి సగం ఖర్చు కొడుకు ఖాతాలో పడింది. మా అన్న ముప్పయ్యేళ్లుగా ఆ ఇన్‌లాండ్ లెటరు మోసినట్టు.

మా వాడు బెంగుళూరులో ఇంజనీరింగ్ మూడో ఏడు. మంచి పిల్లాడు. ఆ మాట అన్ని అమ్మల్లాగే నేనూ అంటాను. పోయిన ఏడాది వాడు చదువు మధ్యలో ఆపి ఏదో కొత్త పని మొదలుపెడతానన్నాడు. నేను వద్దన్నాను. వాడు సరేనన్నాడు. అప్పట్నించీ "సరే" తప్ప ఇంకో మాట వాడి నోట రావడం తగ్గింది. అన్నం తిన్నావా, సరే. చలిగా వుందా, సరే. గొడవ పడితే బాగుండునని ఎన్నిసార్లనుకున్నానో! ఈ దసరాకి రావడం లేదు, పరీక్షలన్నాడు. నేనూ సరేనన్నాను.

ఆ రాత్రి నాకు ఒళ్లు వెచ్చగా వుంది. పెద్ద జబ్బేం కాదు. వాట్సాప్‌లో "వీలైతే రా" అని కొట్టాను. పంపించాను. పంపించగానే, పాపం పరీక్షలు కదా అనిపించి గబుక్కున చెరిపేశాను. పెద్దమ్మ రెండు గీతలకీ నా ఈ పనికీ తేడా ఏముందో చెప్పండి! కాకపోతే మా రోజుల్లో కాగితం కొంచెం గుట్టుగా వుండేది. ఈ ఫోనుకి ఆ మర్యాద లేదు, మెసేజీ చెరిపేశారని అవతలివాళ్లకి టముకు వేసి మరీ చెబుతుంది.

రెండు నిముషాల్లో మావాడు – "ఏం డిలీట్ చేశావమ్మా?"

వాడు అడిగాడు, అది గొప్ప. దీపం దగ్గర పెట్టి చూసి వూరుకోలేదు. "ఏం లేదులే, పొరపాటున" అని కొట్టబోయాను. అలవాటు అలాంటిది. చెరిపేసి మళ్లీ రాశాను. "వీలైతే రా అని రాశాను. కాస్త జ్వరంగా వుంది. పోయినేడు నీ మాట పూర్తిగా వినకుండానే వద్దన్నాను, అది కూడా ఒకసారి కూచుని మాట్లాడుకుందాం. పరీక్షలుంటే అవయ్యాకే రా."

చాలాసేపు జవాబు రాలేదు. నిద్రపోయాడేమో, అపూలాగా, అనుకున్నాను. తరవాత వచ్చింది.

"చూస్తానమ్మా. టాబ్లెట్ వేసుకున్నావా?"

చూస్తానన్నాడు. వస్తానని అనలేదు లెండి. అయినా "సరే" కంటే అది పొడుగు జవాబే. నేను లేచి మాత్ర వేసుకున్నాను.